దావీదు మాస్టరుకు హారన్ వినబడలేదు

పోయిన గురువారం పొద్దున పాలు పోసే మల్లమ్మ మా వాకిట్లో క్యాను దించకముందే చెప్పింది. "బ్యాండు దావీదు పోయిండమ్మా. రాయచూరు రోడ్డు మీద లారీ గుద్దిందట." నేను చేతిలో గిన్నె కింద పెట్టాను. ఏమీ అడగకముందే రెండో మాట కూడా చెప్పేసింది. "డ్రైవరు ఎనుక నుంచి హారన్ మీద హారన్ కొట్టిండట. అయినా జరుగలేదట. పొద్దుగాల్నే తాగినట్టున్నడు."

సాయంత్రానికి ఆ రెండో మాటే ఊళ్ళో మొదటి మాట అయింది. చావుకు వచ్చినవాళ్ళు కూడా చెప్పులు విడుస్తూ "తాగిండా?" అని గొంతు తగ్గించి అడగటం నా చెవులతో విన్నాను. ఒకాయన అయితే ముక్కు దగ్గర చెయ్యి పెట్టుకొని వాసన చూసినట్టు చేశాడు. బ్యాండువాడు కదా, తాగకుండా ఉంటాడా అని అందరి నమ్మకం.

మాస్టరు తాగడు. మా దిక్కు పెళ్ళివాళ్ళు బ్యాండువాళ్ళకు సీసా ఇవ్వటం మామూలే. ఆయన తన వంతు సీసాను పెళ్ళివాళ్ళకే తిప్పి ఇచ్చి, దాని బదులు బూందీ లడ్డూలు అడిగి తెచ్చుకునేవాడు. ఆ లడ్డూలు మా పాప తిన్నది కాబట్టి నాకు తెలుసు. అసలు సంగతి ఇది: దావీదు మాస్టరుకు వినబడదు. పదేళ్ళుగా వినబడదు. ఈ సంగతి నాకు తెలిసిపోయిందని గ్రహించిన రోజున ఆయన ఒక షరతు పెట్టాడు. "నేను బతికున్నన్ని దినాలు ఎవ్వలకు చెప్పకు బిడ్డా. చెవిటోనికి పెండ్లి బేరం ఎవడిస్తడు? పోయినంక నీ ఇష్టం." పాప నిద్రపోయింది. ఆయన పోయాడు. అందుకే రాస్తున్నాను.

ఆయనది మక్తల్ అవతల ఒక పల్లె. తండ్రి చావులకు, జాతరలకు డప్పు కొట్టేవాడు, మిగిలిన రోజుల్లో కూలికి పోయేవాడు. మాస్టరు మిషన్ బడిలో ఐదో తరగతి దాకా చదివి, పాలమూరు వచ్చి బ్యాండులో సైడు డ్రమ్ము పట్టాడు. అక్కడి నుంచి ముప్పై ఏళ్ళు ఆ డ్రమ్ము ఆయన నడుముకు వేలాడుతూనే ఉంది. ఎర్ర కోటు, భుజాల మీద జరీ కుచ్చులు, కింది గుండీ ఎప్పుడూ ఊడిపోయే ఉండేది. ఈ పట్నంలో ఆయన డ్రమ్ము లేకుండా ఊరేగిన పెళ్ళికొడుకులు తక్కువ. కానీ ఆయన పేరు నిలిచింది వాయించినందుకు కాదు, ఆపినందుకు. ఆయన బ్యాండుకు ఒక కట్టుబాటు ఉండేది. దవాఖాన ముందు, బడి ముందు, బాలింత ఇంటి ముందు చప్పుడు ఆగాలి. పెళ్ళికొడుకు తమ్ముళ్ళు ఎంత ఎగురుతున్నా, నోట్లు ఎంత ఊపినా సరే, మాస్టరు రెండు పుల్లలను పిడికిట్లో కలిపి పైకెత్తేవాడు. పదిమంది వాయిద్యాలు గొంతు పట్టుకున్నట్టు ఆగిపోయేవి. ఆ జాగా దాటాక పిడికిలి విప్పేవాడు. "బ్యాండుల ఇనుడు తర్వాత, ముందు సూసుడు" అని కొత్తగా చేరిన ప్రతివాడికీ చెప్పేవాడు. అదొక నీతిమాట అనుకునేవాళ్ళం.

మమత పుట్టినప్పుడు మేము క్లాక్ టవర్ వెనక సందులో కిరాయికి ఉండేవాళ్ళం. మా ఎదురుగా రేకుల గది బ్యాండువాళ్ళది. నేను దవాఖాన నుంచి వచ్చిన నెలంతా ఆ సందులో ఒక్క దెబ్బ వినబడలేదు. వాయిద్యాలు సంకలో పెట్టుకొని మెయిన్ రోడ్డు దాకా నడిచిపోయి అక్కడ మొదలుపెట్టేవాళ్ళు. దానికి నేను కృతజ్ఞత చూపించి ఉండాలి. చూపించలేదు, ఎందుకంటే నాకు ఆయన మీద అనుమానం.

ఆయన ఆడవాళ్ళ మూతుల వైపు చూసేవాడు. కళ్ళలోకి కాదు, నోటి వైపు. బోరింగు దగ్గర మేము మాట్లాడుకుంటుంటే గుమ్మంలో కూర్చొని రెప్ప వెయ్యకుండా చూసేవాడు. వెనక నుంచి పిలిస్తే పలికేవాడు కాదు, ఎదురుగా పోయి అడిగితే మాత్రం దగ్గరికి జరిగి మరీ పెదవులు చూసేవాడు. ఇంటి ఓనరమ్మ అనేది, "ముసలోడైనా బుద్ధి పోలే పాడుగాను." బి.ఏ. చదివాను, నాకు తెలియదా మగవాళ్ళ చూపులు అనుకున్నాను. తెలియదు.

నా అనుమానం ఆయన ఒక్కడి మీదే కాదు. అప్పట్లో నాకు అన్నిటి మీదా అనుమానమే. పాపకు ఆరో నెల వచ్చేసరికి ఒక భయం పట్టుకుంది. మా ఆయన ఆఫీసుకు, అత్తమ్మ బజారుకు పోయాక, తలుపు గడియ పెట్టి, పాప వెనక నిలబడి పళ్ళెం మీద గరిటెతో కొట్టి చూసేదాన్ని. తిరిగేది కాదు. తిరగని ప్రతిసారీ నాకొక కారణం దొరికేది. బొమ్మ మీద ధ్యాస ఉంది. నిద్ర చాలలేదు. జలుబు చేసింది. ఎవరైనా గుమ్మంలోకి వస్తే చటుక్కున పళ్ళెం దాచేసేదాన్ని, దొంగలాగా. అత్తమ్మకు తెలిస్తే "ఆడపిల్ల, అందుల చెవిటిది" అంటుందని, ఆ మాట ఇంట్లో ఒకసారి పుడితే మళ్ళీ చావదని నా భయం.

మా మరిది పెళ్ళికి బ్యాండు మాట్లాడటానికి మాస్టరు మా ఇంటికి వచ్చిన రోజు జరిగింది చెప్పాలి. వరండాలో చాప మీద కూర్చున్నాడు. పాప ఆయన పక్కనే కూర్చొని ఆయన కోటు కుచ్చులు పీకుతున్నది. ఇద్దరి వీపులూ వంటింటి వైపు ఉన్నాయి. అటక మీది ఇత్తడి బిందె జారి బండల మీద పడింది. అత్తమ్మ ఎగిరిపడి "అయ్యో నా బిందె!" అని అరిచింది. ఎదురింట్లో నుంచి కూడా ఎవరో తొంగి చూశారు. మమత తిరగలేదు. మాస్టరు మా ముఖాలు చూసి ఏదో జరిగిందని గ్రహించి, పాప వైపు చూశాడు, తరువాత నా వైపు చూశాడు. ఆ రోజు ఇద్దరు తిరగలేదు. నేను ఒక్కరినే చూశాను.

పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి, అత్తమ్మకు వినబడకుండా అన్నాడు. "బిడ్డా, పాపను చెవుల డాక్టరుకు జర చూపెట్టరాదు?"

"మా పాపకు ఏమైంది? నీకెందుకు మా పాప సంగతి?" అన్నాను. నా గొంతు పెరిగింది. ఆయన నా నోటి వైపే చూస్తున్నాడు. ఆ చూపుకు ఒళ్ళు మండిపోయింది. మరునాడు ఓనరమ్మ దగ్గరికి పోయి, ఆ మనిషి ఆడవాళ్ళను చూసే తీరు బాగా లేదని, మా ఇంటికి వచ్చి నాతో అడ్డమైన మాటలు మాట్లాడాడని చెప్పాను. అడ్డమైన మాట ఒక్కటి కూడా మాట్లాడలేదు. వారంలో బ్యాండువాళ్ళ చేత రేకుల గది ఖాళీ చేయించారు. రైల్వే గేటు దగ్గర ఒక గుడిసె చూసుకొని పోయారు. సామాను రిక్షాలో పెట్టేటప్పుడు మాస్టరు మా గుమ్మం వైపు తిరిగి పాపకు పిడికిలి ఎత్తి చూపించాడు, మళ్ళీ విప్పాడు. పాప కూడా ఎత్తింది. నేను పాపను ఎత్తుకొని లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాను.

ఆ తరువాత కొన్ని నెలలకు పట్నమంతా పోస్టర్లు వెలిశాయి. కాలేజీ గ్రౌండులో లాటిన్ జాజ్, సల్సా సంగీత విభావరి. క్యూబా దీవి నుంచి, దక్షిణ అమెరికా నుంచి ఏడుగురు కళాకారులు, బొంబాయి నుంచి సాక్సోఫోను వాయించే ఒకాయన, వాళ్ళతో కలిసి మన జిల్లా వాద్య బృందం. ఆ జిల్లా బృందం ఎవరో కాదు, దావీదు మాస్టరు బ్యాండే. కాలేజీ లెక్చరరు ఒకాయన పట్టుబట్టి పెట్టించాడట.

ఊళ్ళో పుట్టని అనుమానం లేదు. "సల్సా అంటే ఏందే, తాగేదా, తినేదా?" అని ఓనరమ్మ అడిగింది. "మనోళ్ళ డప్పు దెబ్బలు టేపుల పట్టుకపోయి వాళ్ళ దేశంల క్యాసెట్లు అమ్ముకుంటరు, సూస్తుండు" అని కిరాణా కొట్టాయన. పోలీసులు కూడా రెండుసార్లు వచ్చి వాళ్ళు దిగిన గెస్ట్ హౌసు చూసిపోయారట. అత్తమ్మ మాత్రం ఒకటే మాట. "ఆడోళ్ళు సగం గుడ్డలేసుకొని ఎగురుతరట. గా తిరునాళ్ళకు పసిపిల్లను తీస్కపోతవా?" మా ఆయనకు ఆఫీసులో పాసులు వచ్చాయి. నేను పోతానన్నాను. సంగీతం కోసం కాదు. దావీదు మాస్టరు అక్కడ ఎవరిని చూస్తాడో చూడాలని. తెల్లవాళ్ళ ఆడపిల్లలను చూస్తూ దొరికిపోతాడని, నేను చేసిన పని న్యాయమేనని తేలిపోతుందని.

పొద్దు గూకక ముందే చేరుకున్నాం. స్టేజీ వెనక పొగ లేస్తున్నది. మాస్టరు తన తండ్రి నాటి డప్పును గడ్డి మంట మీద కాస్తున్నాడు. తోలు బిగువెక్కాలంటే సెగ చూపించాలి. కార్యకర్త ఒకడు "మంటా? వైర్లున్నయి ఇక్కడ! ఆర్పుండ్రి!" అని ఉరికొచ్చాడు. అతని కంటే ముందు ఒక ముసలాయన వచ్చి మంట దగ్గర గొంతుకూర్చున్నాడు. నల్లని మనిషి, తెల్లని టోపీ, పొడుగాటి డోళ్ళు వాయించే కళాకారుడు. డప్పు తోలు మీద అరచెయ్యి ఆనించి, గట్టిగా నవ్వి ఏదో అన్నాడు. వాళ్ళ తాత కూడా డోలును ఇట్లాగే మంట మీద కాచేవాడట, ఇప్పుడు బోల్టులు తిప్పి బిగిస్తున్నారట. లెక్చరరు తెలుగులో చెప్పాడు. మాస్టరు లెక్చరరు వైపు చూడలేదు. ముసలాయన చెయ్యి వైపు చూసి తలూపాడు.

సంగీతం మొదలైంది. నేను అంతవరకు వినని సంగీతం అది. ఒకడు రెండు కట్టె ముక్కలు పట్టుకొని మూడు దెబ్బలు, ఆగి రెండు దెబ్బలు, మళ్ళీ మూడు, మళ్ళీ రెండు, పొద్దుటి నుంచి పొద్దుటి దాకా అదే కొడతాడేమో అన్నట్టు కొడుతున్నాడు. దాని మీద డోళ్ళు, డోళ్ళ మీద పియానో, వాటన్నిటి పైన బాకాలు. మొదట గందరగోళంగా ఉంది. కాసేపటికి మన జాతరలో బోనాల ముందు నడిచే చప్పుడు దీనికి చుట్టమే అనిపించింది. మాస్టరు డప్పు దానిలోకి దూరింది. ఒక చేతిలోని పొట్టి కర్ర, చిర్రది ఒక లెక్క, ఇంకో చేతిలోని సన్నటి చిటికెన పుల్లది ఇంకో లెక్క. వెనక నుంచి ఎవడో "కొట్టు దావీదూ, పాలమూరు పరువు నిలబెట్టు!" అని అరిచాడు. ఈలలు మోగాయి.

నేను మాత్రం ఆయన చూపునే కాపలా కాస్తున్నాను. పాడే అమ్మాయిలు అటు నుంచి ఇటు తిరుగుతున్నారు. వాళ్ళను చూడలేదు. కట్టె ముక్కలు కొట్టేవాడి చేతులు, తాళం వేసే ముసలాయన మడమ, ఇవి తప్ప ఇంకేమీ చూడలేదు.

అప్పుడు గ్రౌండు పక్క రోడ్డు మీద దవాఖాన బండి పోయింది. సైరన్ లేదు, పైన ఎర్ర లైటు మాత్రం తిరుగుతున్నది. మాస్టరు ఆ లైటును చూశాడు. పాట నడుమ ఉంది, ఎదుట మూడు నాలుగు వేల జనం ఉన్నారు, దేశం కాని దేశం వాళ్ళు పక్కన ఉన్నారు. ఆయన పిడికిలి పైకి లేచింది. మన బ్యాండు టక్కున ఆగింది. ఏం జరిగిందో తెలియక విదేశీయులు కూడా ఆగిపోయారు. గ్రౌండంతా నిశ్శబ్దం. ఇది ముందే అనుకొని చేసిన చమత్కారం అనుకొని జనం చప్పట్లు కొట్టారు. లెక్చరరు తల పట్టుకున్నాడు.

ముసలాయన మాత్రం నవ్వి, మడమతో లెక్క వేసి మళ్ళీ అందుకున్నాడు. మూడు, రెండు. బాకాలు లేచాయి. అందరూ మొదలుపెట్టారు, మాస్టరు తప్ప. ఆయన ఇంకా రోడ్డు వైపే చూస్తున్నాడు. బండి మలుపు దాటేదాకా చూద్దామని కాబోలు. వెనక అంత సంగీతం విరుచుకుపడుతుంటే ఆ మనిషి ప్రశాంతంగా, ఒంటరిగా, పిడికిలి ఎత్తి నిలబడ్డాడు. ముసలాయన లేచి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. మాస్టరు ఉలిక్కిపడి తిరిగాడు.

ఆ ఉలికిపాటు నాకు తెలుసు. రోజుకు పదిసార్లు చూస్తాను. వెనక నుంచి ముట్టుకుంటే మమత అట్లాగే తిరుగుతుంది. భుజాలు ముందు, కళ్ళు తరువాత.

నా ఒళ్ళో పాప స్టేజీ కట్టెల మీద రెండు అరచేతులూ ఆనించి నవ్వుతున్నది. మేము ముందు వరసలో ఉన్నాం. ఇంక నాకు ఏ కారణమూ దొరకలేదు. జనం నడుమ కూర్చొని, పాసు కాగితాన్ని ముఖానికి అడ్డం పెట్టుకొని ఏడ్చాను.

మరునాడు పాపను ఎత్తుకొని రైల్వే గేటు దగ్గరికి పోయాను. మాస్టరు గుడిసె ముందు కూర్చొని కోటు కుట్టుకుంటున్నాడు. ఎదురుగా నిలబడి, నోరు స్పష్టంగా కదిలిస్తూ అన్నాను. "మాస్టరూ, నీకు వినబడదు కదా."

సూది ఆగింది. అటూ ఇటూ చూశాడు. "ఎవ్వలకన్న చెప్పినవా?"

"లేదు. నేను ఓనరమ్మకు చెప్పింది అబద్ధం. నీ గది నా వల్లే పోయింది."

"నాకెర్కే. మా గుమ్మంల కూసోని నీ మూతి సూస్తనే ఉన్న గద ఆ దినం, నువ్వు ఆమెకు చెప్పంగ." అని నవ్వాడు. తరువాత నవ్వు పోయింది. "నువ్వు కోపానికొస్తివి గని, నేను భయపడ్డ బిడ్డా. నాకు పోయినయి, నడిచిన బతుకు నడిచింది. గీ పిల్లకు ఇంకా మాటలే రాలే. నన్ను నేను దాసుకున్నట్టు దీన్ని దాయకు. నేను దాసుకున్నది కడుపు కోసం. నువ్వు ఎవలి కోసం దాస్తున్నవు?"

నాకు ఆయన మీద అనుమానం తీరింది కానీ, నా మీద నాకు పుట్టిన అనుమానం ఇప్పటికీ తీరలేదు.

హైదరాబాదు దవాఖానకు మాతో ఆయనే వచ్చాడు. డాక్టరు మాట్లాడుతుంటే ఆయన పెదవులు చూసి, నేను ఏడుస్తూ వినిపించుకోని మాటలు కూడా బయటికి వచ్చాక నాకు ఒప్పజెప్పాడు. పాపకు చెవి మిషను పెట్టించాం. కొద్దిగానే పని చేస్తుంది. ఇంట్లో చెప్పేశాను. అత్తమ్మ అనుకున్నట్టే అన్నది. రెండు నెలలు అన్నది. ఒకనాడు మాస్టరు డప్పు తెచ్చి పాప పొట్టకు ఆనించి కొట్టి, తరువాత అత్తమ్మ చేతిని తీసి పాప వీపు మీద పెట్టాడు. "సూడు పెద్దమ్మా, పిల్ల లోపల మోగుతాంది." అత్తమ్మ చాలాసేపు చెయ్యి తీయలేదు. ఆ తరువాత ఆ మాట మా ఇంట్లో వినబడలేదు.

క్యూబా ముసలాయన పోతూ ఇచ్చిన కట్టె ముక్కలను మాస్టరు పాపకు ఇచ్చాడు. ప్రతి ఆదివారం చర్చి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చేవాడు. ఇద్దరూ వరండాలో కూర్చొని ఆడుకునేవాళ్ళు. ఆయన అద్దం ముందు పెట్టి, తన పెదవులు, ఆమె పెదవులు పక్కపక్కన చూపించి "అమ్మ" నేర్పించాడు. మమత నన్ను అమ్మా అని పిలిచేసరికి దానికి నాలుగేళ్ళు దాటాయి. ఆ పిలుపు ఎట్లా ఉందో మాస్టరు నన్ను అడిగాడు. "జర బొంగురుగా ఉన్నది" అన్నాను. "బాకా కూడ మొదట గట్లనే పలుకుతది" అన్నాడు.

రోడ్డు మీద నడిచేటప్పుడు ఎప్పుడూ ఎదురు దిక్కున నడవాలని పాపకు నేర్పింది ఆయనే. వచ్చే బండి కళ్ళకు కనబడాలి. మరి ఆ రోజు ఆయన ఎందుకు బండ్లకు వీపు పెట్టి నడిచాడు? అడిగి తెలుసుకున్నాను. ఎదురు దిక్కున రోడ్డు తవ్వి కంకర పోశారు. చావు వార్త విన్నప్పుడు నాకు ముందు వచ్చింది దుఃఖం కాదు, ఈ లెక్క. నా కూతురు కూడా అదే రోడ్డున బడికి పోతుంది. ఇప్పుడు ఏ లారీ హారన్ విన్నా నా చెయ్యి గాలిలో పాప కోసం వెతుకుతున్నది. ఆ డ్రైవరు మీద నాకు కోపం లేదు. అతను హారన్ కొట్టే ఉంటాడు. తాగాడన్నవాళ్ళ మీద కూడా కోపం పెట్టుకునే హక్కు నాకు లేదు. అందరికంటే ముందు ఆయనను తప్పుగా అనుకున్నదాన్ని నేనే.

శుక్రవారం అంతిమయాత్ర. బ్యాండు ముందు నడిచింది. వాయించద్దని ఎవరూ అనలేదు. బయలుదేరే ముందు క్లారినెట్ బాబుమియాను పక్కకు పిలిచి నిజం చెప్పాను. ఇరవై ఏళ్ళు మాస్టరు పక్కన నడిచిన మనిషి. ఆయన కళ్ళు తుడుచుకొని నన్ను వింతగా చూశాడు. "మాకు తెల్వదా అమ్మా? ఆయన చెయ్యి సూసి మేం వాయించినం. మా చేతులు సూసి ఆయన వాయించిండు. ఎవ్వలకు ఇనబడ్డదో, ఎవ్వలకు ఇనబడలేదో అడిగే పనే పడలే." వాళ్ళూ ఆయన కోసం దాచారు. దాచినట్టు ఆయనకు తెలియకుండా దాచారు.

మమతను వాళ్ళ నాయన భుజాల మీద ఎక్కించుకొని బ్యాండు ముందు నడుస్తున్నాడు. పాప చేతిలో ఆ కట్టె ముక్కలు. సైడు డ్రమ్ము జాగా ఖాళీగా వదిలి మిగిలినవాళ్ళు వరస కట్టారు. తలలు వంచుకొని, కళ్ళు మూసుకొని, ఏడుస్తూ వాయిస్తున్నారు. పెద్ద దవాఖాన గేటు వచ్చింది. ఎవరూ చూసుకోలేదు. చూసి చెయ్యి ఎత్తే మనిషి పెట్టెలో ఉన్నాడు. చప్పుడు గేటు దాకా పోయింది, గేటు ముందుకు పోయింది.

భుజాల మీద మమత వెనక్కి తిరిగింది. రెండు కట్టె ముక్కలను పిడికిట్లో కలిపి పైకెత్తింది.

బాబుమియా చూశాడు. మొదట ఆయన ఆగాడు. తరువాత బాకాలు, తరువాత పెద్ద డోలు. చప్పుడు ఆగిందని మమతకు వినబడదు. అందుకే ఆమె ఒక్కొక్కరి బుగ్గలు చూసింది, గాలి దిగాయా లేదా అని. అందరివీ దిగాక ముందుకు తిరిగింది. పెట్టె మోసేవాళ్ళ అడుగులు తప్ప ఇంకేమీ వినబడలేదు. దవాఖాన కిటికీలలో జబ్బు మనుషులు లేచి నిలబడి చూశారు. పిడికిలి ఎత్తి పట్టుకున్న చెయ్యిని ఆమె దించలేదు.

పాలమూరులో ఇకముందు కూడా పెళ్ళిళ్ళకు బ్యాండు దొరుకుతుంది. ఆపటం తెలిసిన మాస్టరు మళ్ళీ దొరకడు. దావీదు మాస్టరూ, నీ మాట నిలబెట్టి ఇన్నాళ్ళు దాచాను, నీ మాట ప్రకారమే ఈ రోజు చెప్పాను. దవాఖాన గోడ చివరిదాకా నీ బ్యాండు మౌనంగా నడిచింది. గోడ అయిపోయాక మమత పిడికిలి విప్పింది.